రెండో గడి

ఫారంలో రెండు గళ్లు.
పదిహేను రోజులకొకటి.
శనివారం నాలుగింటికి జంగయ్య కిటికీ మూసేస్తాడు,
ఆ తర్వాత డీన్ వచ్చి అడిగినా తీయడు.

మొదటిది ఎప్పుడో నింపేశాను:
సైకియాట్రీ, ఎర్రగడ్డ.
ఈ ఊళ్లో ఆ పేరొక తిట్టు.
క్యారమ్స్‌లో గురి తప్పినవాణ్ణి అక్కడికే పంపుతారు,
పాలు పొంగబెట్టిన వదినను అక్కడికే.
మూసాపేటలో ఆటో ఎక్కి చెప్తే
డ్రైవర్ అద్దంలోంచి చూసి అడిగాడు:
"చూపించుకోనీకా మేడమ్, చూసి రానీకా?"
నేర్చుకోనీకి, అన్నాను.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
దిగాక చిల్లర లెక్కపెడుతూ
"మా తమ్ముడు పంటలేడు మేడమ్, ఆర్నెల్లాయె,
రాత్రంతా తాళం చూస్కుంటడు" అన్నాడు.
ఓపీ ఎప్పుడో కనుక్కుని చీటీ రాసిచ్చాను.
నా చేతిరాత అప్పుడే పాడైంది,
చదవగలిగాడో లేదో.

రెండో గడి దగ్గర పెన్ను ఆగింది.
"ఏదైనా తేలికది పడేయ్" అన్నాడు ఇఫ్తెకార్,
"ఎండీ సీటుకు ర్యాంకే లెక్క,
ఈ పదిహేను రోజులు ఎవడు చూస్తాడు,
హాస్టల్‌లో కూర్చుని ప్రశ్నలు చెయ్."
హైమవతి మేడమ్ అయితే
"ఎండోక్రైన్ రాయి,
థైరాయిడ్ చూడనివాళ్లు దిగులు చూడకూడదు" అన్నారు.
ఇద్దరిదీ నిజమే.

నాకు మాత్రం పోయిన జూలై గుర్తొస్తోంది.
కోఠి, చెవి ముక్కు గొంతు ఆస్పత్రి,
మేడమీద ఒక చిన్న గది,
గోడలకు బూడిదరంగు స్పాంజి.
ఆ మందపాటి తలుపు వేయగానే
పాత పుస్తకాల బేరాలు, బస్సు బ్రేకులు,
ఇరానీ హోటల్ సాసర్లు,
మొత్తం కోఠి
ఊదేసిన అగ్గిపుల్ల.

లోపల కుర్చీలో సులేమాన్ సాబ్.
నలభై ఏళ్లు చార్మినార్ వెనక
వెండిరేకు కొట్టిన మనిషి.
మిఠాయి మీద గాలికి లేచిపోయేంత పల్చగా
వెండి అయింది,
వినికిడీ అయింది.

వినిపిస్తే బటన్ నొక్కమని
అనూరాధ సైగ చేసింది.
మీట తిప్పింది. నొక్కలేదు.
పెంచింది. నొక్కలేదు.
ఇంకా పెంచింది, అద్దం ఇవతల నాకే
ఏదో గీసుకుపోయినట్టయింది. నొక్కలేదు.
అంతా ఆపేసి ఆమె టీ గ్లాసు అందుకుంటుంటే
చిన్న ఎర్ర లైటు వెలిగింది.
ఆరింది. వెలిగింది.
టక్, టక్, ఆగి, టక్.

"ఇవి లెక్కలోకి రావు" అంది.
కాగితం మీద ఏమీ రాయలేదు.
ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.
కుడి బొటనవేలు బటన్ మీద,
ఎడమచెయ్యి మోకాలి మీద
లేని తోలు పుటలు
ఒక్కొక్కటే తిప్పుతోంది.

బయటికొచ్చాక కోడలు చెవిలో అరిచి అడిగింది:
ఏం వినపడింది అబ్బా?
"దుకాణ్" అన్నాడు,
అదేం ప్రశ్న అన్నట్టు.

వచ్చే ఏళ్లలో ఎవరో నా ముందు కూర్చుని
గొంతులు వినిపిస్తున్నాయంటారు.
ఎన్ని, ఆడా మగా, ఏమని అంటున్నాయి,
పుస్తకంలో ఉన్న వరసలోనే అడుగుతాను.
దానికి ముందు
చెవిలో గుబిలి ఉందేమో చూడాలి కదా.
గుబిలి లేకపోతే
దుకాణం ఉందేమో.
అది ఎలా అడగాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు.

మూడూ యాభైకి ఫారం ఇచ్చాను.
జంగయ్య కళ్లజోడు ఎత్తి చదివాడు.
"పిచ్చి డాక్టరైతనంటివి, చెవులకు పోతున్నవేంది?"
దగ్గరే సార్, అన్నాను.
ముద్ర కొట్టాడు. ప్యాడ్ ఎండిపోయి సగమే పడింది.
మళ్లీ కొట్టాడు.

కారిడార్‌లో ఎవరూ లేరు.
రెండు చెవులూ అరచేతులతో మూసుకుని చూశాను.
లోపల ఎవరో
బియ్యం చెరుగుతున్నట్టు.